తెల్లని పళ్లెము

జానెడు వెడల్పుగల తెల్లని గుండ్రని పళ్లెము నొకదానిని త్రాటికి కట్టి, పడవ ప్రక్కనుండి మెల్లగా నీటిలోనికి దింపుదురు. పళ్లెము కంటికి కనబడుచున్నంతవరకు త్రాటిని వదలుచునే యుందురు. అది కనుమరుగైన చోట త్రాటిని పట్టి, ఎంత లోతునకు దిగినదో కొలుతురు. నీరెంత తేటగా నున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె సులువైన సాధనము లేదు. ఆంజెలో సెక్కి అను ఇటలీదేశపు మతాచార్యుడు, ఖగోళశాస్త్రమునందు ప్రసిద్ధుడు, 1865వ సంవత్సరమున మధ్యధరా సముద్రమున దీనిని ప్రయోగించి చూచెను. వైద్యుడు రోగి నాడిని పట్టి చూచినట్లు, నాటినుండి శాస్త్రజ్ఞులు ఈ పళ్లెముతో సరస్సుల స్థితిని పరీక్షించుచున్నారు. యంత్రములెన్ని వచ్చినను దీని గౌరవము తగ్గలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్యపు కొనయందు సియాటిల్ అను నగరమున్నది. దానికి పడమట ప్యూజెట్ సౌండ్ అను సముద్రపు పాయ. తూర్పున వాషింగ్టన్ సరస్సు. ఈ సరస్సు పొడవు ఇరువది మైళ్లకు పైబడినది. మిక్కిలి లోతైన చోట రెండువందల అడుగులకు మించును. కొండలనుండి దిగివచ్చు సీడర్ నది చల్లని నీటిని తెచ్చి దీనిలో కలుపుచుండును. 1950వ సంవత్సరమున ఈ సరస్సులో తెల్లని పళ్లెమును దింపగా, అది పండ్రెండడుగుల లోతువరకు కనబడెను. 1964లో అదే సరస్సునందు పళ్లెము ముప్పది అంగుళములకే మాయమయ్యెను. నడుమ గడచినవి పదునాలుగేండ్లే. అంత గొప్ప జలాశయమునకు అంతలో ఏమి సంభవించినది?

ఆశ్చర్యమేమనగా, దానికి ముఖ్యమైన చేటు పచ్చి మురుగువలన కలుగలేదు. సియాటిల్ నగరము తన పచ్చి మురుగును సరస్సులోనికి వదలుట 1930లలోనే చాలవరకు మానుకొనినది. 1940లో సరస్సుపై తేలియాడు వంతెన యొకటి వెలసెను. దానితో తూర్పుగట్టున క్రొత్త పేటలు పుట్టగొడుగులవలె లేచినవి. ప్రతి చిన్న పట్టణమును తన మురుగును తానే శుద్ధిచేసికొని, ఆ నీటిని సరస్సులోనికి వదలెను. 1941 మొదలు 1950ల నడిమికాలమువరకు ఇట్టి శుద్ధి కేంద్రములు పది ఏర్పడినవి. వానినుండి వచ్చు నీరు హెచ్చి హెచ్చి, తుదకు రోజుకు రెండు కోట్ల గ్యాలన్లకు, అనగా సుమారు ఏడున్నర కోట్ల లీటర్లకు చేరెను. ఆ నీటికి దుర్గంధము లేదు. రోగక్రిములు చాలవరకు నశించినవి. చూచుటకును పరిశుభ్రముగనే యుండెను. తమ విధిని తాము నెరవేర్చితిమని ఇంజనీర్లు తలచిరి. ఒక విధముగా వారి మాట నిజమే.

కాని ఆ నీటిలో కంటికి కనబడని వస్తువొకటి కరగియుండెను. అది భాస్వరము. మనుష్యుల మలమూత్రములలోను, ఆ దినములలో క్రొత్తగా వాడుకకు వచ్చిన బట్టలుతుకు పొడులలోను భాస్వరము మెండు. నాటి శుద్ధి పద్ధతులు మురికిని తీసివేసినవే కాని, భాస్వరమును తీసివేయలేదు. పొలమునందు అది ఎరువు. నీటియందును అది ఎరువే. అయితే అక్కడ పెరుగు పైరు వేరు. పాచి, నాచు, శైవలము అని పలు పేర్లతో పిలువబడు సూక్ష్మమైన నీటి మొక్కలకు బొగ్గుపులుసు గాలి కావలెను, నత్రజని కావలెను, భాస్వరము కావలెను. మొదటి రెండును గాలినుండియు నీటినుండియు ఏదో యొక విధముగా లభించును. భాస్వరము మాత్రము మంచినీటి సరస్సులలో స్వభావముచేతనే అల్పము. వేసవిలో మామిడికాయలు గంపలకొలది ఇంటికి వచ్చినను, ఉప్పున్నమేరకే ఆవకాయ పెట్టగలుగుదురు గదా! సరస్సునకు భాస్వరమట్టి ఉప్పు. ఆ ఉప్పు బస్తాలకొలది వచ్చి పడినచో ఇక పాచికి హద్దేమి?

పాచి పెరిగినంత మాత్రమున సరస్సు చావదు. అది చచ్చిన పిమ్మట అసలు కష్టము మొదలగును. చచ్చిన పాచి అడుగునకు దిగి క్రుళ్లును. క్రుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును. అడుగునీటిలో ప్రాణవాయువు తరిగిపోగా, అచట బ్రదుకు చేపలు ఊపిరాడక నశించును. గట్టునకు కొట్టుకొని వచ్చిన పాచి ఎండకు కుళ్లి కంపు కొట్టును. ఊరి చెరువు పచ్చబడి, ఒకనాటి తెల్లవారుజామున చేపలన్నియు వెల్లికిల తేలుట చూచినవారికి ఈ వర్ణనము క్రొత్త కాదు. తెల్లవారుజాముననే అట్లేల జరుగుననగా, పగలు ఎండలో ప్రాణవాయువును విడుచు పాచియే రాత్రియందు దానిని తాను పీల్చుకొనును.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఎడ్మండ్‌సన్ అను జంతుశాస్త్రాచార్యుడుండెను. 1955వ సంవత్సరపు వేసవిలో ఆయన బృందమువారు సరస్సు నీటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండగా, సన్నని దారముల వంటి, కొంచెము ఎఱ్ఱనైన శైవలమొకటి కనబడెను. దాని పేరు ఆసిలటోరియా రూబెసెన్స్. సామాన్యునికి అది నలుసుతో సమానము. ఎడ్మండ్‌సన్ కది కీడునకు ముందు కనబడు శకునము. ఏలయన పందొమ్మిదవ శతాబ్దము చివర స్విట్జర్లాండునందలి జ్యూరిక్ సరస్సు చెడిపోవుటకు ఆరంభించినపుడు అచట ప్రబలినది ఈ శైవలమే. అప్పటికి సియాటిల్ ప్రజలకు సరస్సు బాగుగనే కనబడుచుండెను. శుద్ధి చేసిన మురుగు ఇట్లే వచ్చుచుండినచో కొలది సంవత్సరములలో నీరు మురిగి కంపుకొట్టుననియు, ఆ రాకను మాన్పినచో సరస్సు తిరిగి తేటపడుననియు ఆ ఆచార్యుడు చెప్పెను. శాస్త్రజ్ఞులు గతమును వివరించుట అందరును ఎరిగినదే. ఊరివారందరియెదుట భవిష్యత్తును చెప్పి, తమ మాటను కాలపరీక్షకు అప్పగించువారు అరుదు.

ఆ మాటను విని ఊరకుండని వారిలో జేమ్స్ ఎల్లిస్ అను న్యాయవాది ముఖ్యుడు. సరస్సు ఒక్కటి, దాని చుట్టునున్న పురపాలక సంఘములు అనేకములు. ఎవరి కాలువ వారిది, ఎవరి లెక్క వారిది. అందరికిని కలిపి ఒక సంస్థ ఉండిననే తప్ప పని జరుగదని ఎల్లిస్ వాదించెను. అందుకు ప్రజల ఓటు కావలసి వచ్చెను. 1958 మార్చి నెలలో ఓటు జరిగెను. నగరములోని వారు ఔననిరి. నగరము వెలుపలివారు కాదనిరి. రెండు చోట్లను ఆమోదము లభించిననే చట్టప్రకారము సంస్థ ఏర్పడును గనుక ప్రయత్నము విఫలమయ్యెను. నగరము వెలుపలివారిని మూఢులని నిందించుట సులువు. కాని ఆ మొదటి ప్రతిపాదనలో మురుగుతోబాటు రహదారి సౌకర్యములు, పట్టణ ప్రణాళికయు చేర్చబడినవి. పెద్ద నగరము తమ్ము మ్రింగివేయునేమో యని చిన్న ఊళ్లవారు భయపడుట అసహజము కాదు. ఎల్లిస్ మొదలగువారు కోపగింపక, ప్రతిపాదనను కుదించి, మురుగు నొక్కదానినే నిలిపి, అదే సంవత్సరము సెప్టెంబరులో మరల ప్రజలయెదుటికి తెచ్చిరి. ఈసారి ఇరువైపులను నెగ్గినది. ఆ సంస్థకు మెట్రో అని పేరు.

ఖర్చు స్వల్పము కాదు. సుమారు పండ్రెండున్నర కోట్ల డాలర్ల అప్పు. దానిని తీర్చుటకు ఇంటింటికిని నెలకు సుమారు రెండు డాలర్ల రుసుము. సరస్సు చుట్టును పెద్ద తూములు వేసి, ఊళ్లలోని మురుగునంతయు ఒకచోటికి చేర్చి, శుద్ధిచేసి, ప్యూజెట్ సౌండ్ లోనికి పంపవలెను. 1963లో మొదటి భాగము సరస్సునుండి మళ్లింపబడెను. కడపటి తూము మూతపడునప్పటికి 1968 వచ్చినది. ఈ నడిమి సంవత్సరములే మిక్కిలి కఠినమైనవి. రుసుము చెల్లించుచున్నారు, వీధులు త్రవ్వుచున్నారు, సరస్సు మాత్రము నానాటికి అధ్వాన్నమగుచున్నది. 1963లో ఒక వార్తాపత్రిక దానికి కంపుసరస్సు అను అర్థము వచ్చు హాస్యనామము నంటగట్టెను. మందు పుచ్చుకొన్న వెంటనే జ్వరము దిగనిచో వైద్యుని తిట్టు స్వభావము అన్ని దేశములందును ఒక్కటే.

పిదప నీరు తేరుకొనుట మొదలిడినది. నీటిలోని భాస్వరము వేగముగా తగ్గెను. నత్రజని అంతగా తగ్గలేదు. ఐనను పాచి మాత్రము భాస్వరముతోబాటే తగ్గెను. ఏది తాళపుచెవియో దీనివలన తెలిసినది. 1968నాటికే పళ్లెము పదడుగుల లోతున కనబడెను. 1970లలో ఆసిలటోరియా దాదాపు అదృశ్యమయ్యెను. 1976లో మరియొక వింత జరిగినది. డాఫ్నియా అను ఆవగింజంత నీటిప్రాణి, అంతకుముందు అరుదుగా నుండినది, లెక్కలేనంతగా పెరిగి, మిగిలిన పాచిని మేయసాగెను. దానిని తిను చిన్న రొయ్యజాతి ప్రాణిని ఒక విధమైన చేప మ్రింగివేయుటచేతను, డాఫ్నియా నోటికడ్డుపడు ఆసిలటోరియా దారములు లేకపోవుటచేతను ఇది జరిగెనని ఎడ్మండ్‌సన్ కనుగొనెను. ఏ ఇంజనీరును దీనిని తన పటములో గీయలేదు. మనుష్యులు తమ వంతు చేసిన పిమ్మట సరస్సు తన వంతును తానే చేసికొనినది. 1993లో పళ్లెము సుమారు ఇరువదియైదు అడుగులవరకు కనబడెను. అనగా సరస్సు 1950 నాటికంటెను తేటపడినది.

ఇంతటి విజయముపై ఆక్షేపణలు రాకపోలేదు. సరస్సులోని మురుగును సముద్రములోనికి మళ్లించుట పొరుగువాని వాకిట చెత్త పోయుట కాదా యని పలువురు ప్రశ్నించిరి. ప్యూజెట్ సౌండ్ స్వభావముచేతనే పోషకములతో నిండినదనియు, ఆటుపోటులచే బాగుగా కలియబడుచుండునదనియు, సరస్సునకు విషమైనది అచట స్వల్పమనియు ఎడ్మండ్‌సన్ సమాధానము చెప్పెను. సమాధానము సరియైనదే, ప్రశ్నయు న్యాయమైనదే. ఆ తీరమున కట్టిన పెద్ద శుద్ధి కేంద్రము మొదట ప్రాథమిక శుద్ధిని మాత్రమే చేయుచుండెను. దానిని మెరుగుపరచుట 1990ల నడిమికి గాని పూర్తి కాలేదు.

భాస్వరమే దోషియనుటకును ఆ కాలమున గొప్ప వివాదము చెలరేగెను. బొగ్గుపులుసు గాలియే పాచికి మూలమని వాదించినవారు కలరు. సబ్బుపొడులు అమ్ముకొనువారికి ఆ వాదము ప్రీతికరమని వేరుగా చెప్పనక్కరలేదు. 1973లో కెనడాదేశమున షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న సరస్సును నడుమ తెరగట్టి రెండు భాగములు చేసి, రెండింటిలోను కర్బనమును నత్రజనిని కలిపి, ఒక దానిలో మాత్రము భాస్వరమును చేర్చెను. భాస్వరము చేర్చిన సగము ఆకుపచ్చగా మారెను. తక్కిన సగము నల్లని తేటనీరుగనే నిలిచెను. ఆకాశమునుండి తీసిన ఆ ఛాయాచిత్రమును చూచిన పిమ్మట వాదించుటకు పెద్దగా ఏమియు మిగులలేదు.

వాషింగ్టన్ సరస్సు కథను విని, మురుగును మళ్లించినచో ఏ చెరువైనను బాగుపడునని తలచుట పొరపాటు. స్వీడను దేశమున వేక్షో పట్టణపు ప్రక్కను ట్రుమ్మెన్ అను చిన్న సరస్సున్నది. దాని లోతు సుమారు రెండు మీటర్లే. 1958 ప్రాంతముననే దానిలోనికి వచ్చు మురుగును ఆపివేసిరి. పదేండ్లు గడచినను నీరు తేటపడలేదు. కారణము అడుగున పేరుకొనిన నల్లని బురద. ఎన్నో ఏండ్లుగా దిగిన భాస్వరము ఆ బురదలో దాగియుండి, ప్రాణవాయువు తరిగినప్పుడెల్ల మరల నీటిలోనికి వచ్చుచుండెను. లోతైన సరస్సులో ఆ బురద పాచికి దూరముగా చీకటిలో పడియుండును. లోతులేని చెరువులో అది పాచికి పక్కలోనే యుండును. తుదకు 1970, 1971 సంవత్సరముల వేసవులలో ఏటికి అరమీటరు చొప్పున ఆ బురదను పీల్చివేసిరి. అప్పుడు గాని ట్రుమ్మెన్ బ్రదుకలేదు. ఆరబెట్టిన బురదను తోటలకు మట్టిగా అమ్మిరి.

ఈ పద్ధతి తెలుగు రైతునకు క్రొత్తగా తోచదు. ఎండకాలమున చెరువెండినపుడు అడుగు మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుట తాతలనాటి ఆచారము. వానకాలమున పొలమునుండి కొట్టుకొని వచ్చిన సారమును వేసవిలో మరల పొలమునకే చేర్చుచుండిరి. ఆ రాకపోకలు నిలిచిపోయిన చోట చెరువులు పూడినవి. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ అను పేర చెరువుల పూడిక తీయుట ఆరంభమైనపుడు, రైతులు ఆ మట్టిని తమ చేలకు తోలుకొనిరి.

హైదరాబాదు నడుమనున్న హుస్సేన్ సాగరమునకు మాత్రము ఈ మార్గము సుగమము కాదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562-63 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఇది త్రవ్వబడినది. ఆదిలో మూసీ నీరే కాలువ ద్వారా దీనిని నింపెను; నగరవాసులు ఒకప్పుడు దీని నీరు త్రాగిరి. పిమ్మట కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అను నాలుగు నాలాలు నగరపు మురుగును దీనిలోనికి తెచ్చినవి. వానిలో కూకట్‌పల్లి నాలా పెద్దది. పారిశ్రామిక వాడల వ్యర్థములును దాని వెంట వచ్చినవి. సాగరము మిక్కిలి లోతైన చోటను ముప్పది అడుగుల ప్రాంతమే. అనగా ఇది వాషింగ్టన్ సరస్సునకు గాక ట్రుమ్మెన్‌కే దగ్గరి చుట్టము. పైగా దీని బురదలో పరిశ్రమల లోహములు కలిసియున్నందున, దానిని పొలమునకు తోలుటకు వీలులేదు. 1990ల చివర రోజుకు రెండు కోట్ల లీటర్ల నీటిని శుద్ధిచేయు కేంద్రము గట్టున వెలసినది. నాలాలను సాగరములోనికి రానీయక మళ్లించు పనులును జరిగినవి. పండుగనాటి విగ్రహములను గూర్చి ఏటేట వాదప్రతివాదములు జరుగును. ఏడాది పొడుగున చప్పుడు లేక వచ్చు నాలానీటిని గూర్చి మాటలాడువారు తక్కువ. పాచి కారకము విగ్రహముకంటె ఆ నీరే.

మళ్లించిన నీరెచటికి పోవును? సియాటిల్‌కు సముద్రమున్నది. హైదరాబాదునకు సముద్రము లేదు, మూసీ యున్నది. శుద్ధి జరిగినను జరుగకున్నను నగరపు నీరంతయు తుదకు దానిలోనికే దిగును. నగరమునకు దిగువనున్న గ్రామములలో రైతులు ఆ నీటితోనే వరిని, పశువుల గడ్డిని పండించుచున్నారు. ఆ గడ్డి నగరములోని పాడిగేదెలకు వచ్చును. సాగరమునకు విషమైన భాస్వరమే అచట పైరునకు బలము. కాని దానితో కలిసి వచ్చు రోగక్రిములను, రసాయనములను పైరు వేరుచేయలేదు. ఆ కాలువలలో మోకాలిలోతున నిలుచుండి కోత కోయువారి చర్మమును గూర్చి నగరమున చర్చ జరుగుట అరుదు.

కలకత్తాకు తూర్పున సుమారు 12,500 హెక్టారుల తడినేలలున్నవి. నగరపు మురుగు అచటి లోతులేని చెరువులలో ఎండకు నిలిచి, పాచిని పెంచగా, ఆ పాచిని చేపలు తినును. చేపలు మరల నగరపు అంగడికి వచ్చును. ఆ చెరువులను బెస్తవారు తరతరముల అనుభవముతో నడుపుచుండిరి. ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు వారియొద్ద కూర్చుండి ఆ పనిని నేర్చుకొని, అది మురికికుంట కాదు, నగరమునకు మూత్రపిండమువంటిదని లోకమునకు చాటిచెప్పెను. 2002లో ఆ ప్రదేశము రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో చేరినది. ఐనను ఇండ్ల స్థలములకై ఆ చెరువులను పూడ్చువారు పొంచియే యున్నారు.

హుస్సేన్ సాగరపు గట్టున వేసవి మధ్యాహ్నమున నిలుచుండినచో నాలా ముఖద్వారమున గట్టిన అడ్డుకట్టలు మురుగును ప్రక్క తూములలోనికి మళ్లించుట చూడవచ్చును. ఎండదినములలో వచ్చు నీటికి ఆ తూములు సరిపోవును. ఆషాఢమాసమున గట్టి వాన కురిసిన రాత్రి మాత్రము వీధులలోని నీరంతయు ఒక్కసారిగా నాలాలోనికి దిగును, తూములు నిండిపోవును, కట్టమీదుగా పొరలి, నగరపు మురుగును వాననీటిని కలుపుకొని, కూకట్‌పల్లి నాలా తన పాతదారినే పట్టి సాగరములో పడును.